పికప్ ఇంజిన్ల మీద అపోహలు – వాస్తవాలు

అమెరికాలో చాలా కుటుంబాలకు ఇంటి తర్వాత అంత ఖర్చు పెట్టి కొనేది ఫుల్‌సైజ్ పికప్ ట్రక్కే. కాస్త మంచి ట్రిమ్ ఎంచుకుంటే ధర 60 వేల డాలర్లు ఇట్టే దాటుతుంది. డాలస్, హ్యూస్టన్ శివార్లలో పడవ లాగడానికో, ట్రెయిలర్ తగిలించుకుని ఊళ్లు తిరగడానికో, ఊరి బయట కొనుక్కున్న నేలలో పనులకో ట్రక్కు వెతుకుతున్న తెలుగువాళ్లకూ ఈ లెక్క తెలుసు. 2024లో టొయోటా, 2025లో జనరల్ మోటార్స్ ఇంజిన్ లోపాలతో బండ్లను రీకాల్ చేశాక అందరి నోటా ఒకటే ప్రశ్న: ఏ కంపెనీని నమ్మాలి? ఈ ప్రశ్నకు సరైన జవాబు ఎప్పటికీ దొరకదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏ ఇంజిన్? ఏ ఏడాది తయారీ? దానితో మనం ఏం పని చేయించబోతున్నాం?

అపోహ: టొయోటా అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. లూసియానాలో ఒకాయన 2007 టొయోటా టండ్రా పికప్ పది లక్షల మైళ్లు తిరిగింది. టొయోటాయే ఆ బండిని పరిశీలన కోసం తీసుకుని, ఆయనకు కొత్తది ఇచ్చింది. అయితే ఆ బండిలో ఉన్నది 4.7 లీటర్ల వీ8. తర్వాత 2021 వరకు పేరు నిలబెట్టింది 5.7 లీటర్ల వీ8. 2022లో టండ్రా పూర్తిగా మారిపోయింది. పాత వీ8 పోయి 3.4 లీటర్ల ట్విన్ టర్బో వీ6 వచ్చింది. బ్యాడ్జి అదే, ఇంజిన్ మాత్రం కొత్తది. దాని చరిత్ర సున్నా నుంచి మొదలైంది.

2024 మేలో దాదాపు 1,02,000 బండ్లకు రీకాల్ వచ్చింది. వాటిలో 2022, 2023 టండ్రాలతో పాటు లెక్సస్ ఎల్‌ఎక్స్‌లూ ఉన్నాయి. ఫ్యాక్టరీలో భాగాలను మెషినింగ్ చేసినప్పుడు రాలిన లోహపు రజను కొన్ని ఇంజిన్లలో పూర్తిగా శుభ్రం కాలేదు. ఆ రజను మెయిన్ బేరింగుల్లోకి చేరితే బేరింగు అరుగుతుంది. ఇంజిన్ కొట్టుకుంటుంది, సరిగ్గా నడవదు, చివరికి రోడ్డు మీదే ఆగిపోతుంది. టొయోటా ఏకంగా ఇంజిన్లనే మార్చి ఇచ్చింది. 2025 నవంబరులో మరో 1,27,000 దాకా బండ్లు రీకాల్‌లో చేరాయి. ఈసారి 2024 మోడళ్లకూ పాకింది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. 2024 రీకాల్‌లో హైబ్రిడ్ టండ్రాలు లేవు. వాటిలోనూ అదే వీ6 ఉంది. కానీ ఇంజిన్ ఆగినా ఎలక్ట్రిక్ మోటారు బండిని కాస్త దూరం నడిపించగలదు కాబట్టి, నడిరోడ్డున శక్తి మొత్తం పోయే ప్రమాదం వాటికి లేదన్నది కంపెనీ వాదన. రీకాల్ చట్టం చూసేది రోడ్డు భద్రతను. ఇంజిన్ ఎన్నాళ్లు మన్నుతుందన్నది దాని పని కాదు. అందుకని ‘రీకాల్ జాబితాలో లేదు’ అన్న మాట విని ఇంజిన్ బాగుందని తేల్చేసుకోకూడదు.

అపోహ: టర్బోల గొడవ వద్దు, పాత పద్ధతి వీ8 తీసుకుంటే నిశ్చింత.

2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ రీకాల్ చేసింది సరిగ్గా అలాంటి ఇంజిన్‌నే. 6.2 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, టర్బో లేదు. ఎల్87 దాని పేరు. రీకాల్ 2021 నుంచి 2024 వరకు మోడళ్ల సిల్వరాడో, సియెరా పికప్‌లకూ, టాహో, సబర్బన్, యూకాన్, ఎస్కలేడ్ ఎస్‌యూవీలకూ వర్తించింది. కొన్నింటి క్రాంక్‌షాఫ్టుల కొలతలు, ఉపరితల నునుపు ఉండాల్సినట్టు లేవు. కనెక్టింగ్ రాడ్లలో, క్రాంక్‌షాఫ్టు ఆయిల్ దారుల్లో మడ్డి మిగిలింది. టండ్రాలోనూ ఇందులోనూ కథ దాదాపు ఒకటే: డిజైన్ కాగితం మీద బాగానే ఉంది, ఫ్యాక్టరీలో పని చెడింది. టర్బో ఉండటానికీ లేకపోవడానికీ దీనితో సంబంధమే లేదు.

వీ8లకు సొంత జబ్బులూ ఉన్నాయి. ఇంధనం ఆదా కోసం తేలిక ప్రయాణంలో కొన్ని సిలిండర్లను ఆపేసే ఏర్పాటు ఉన్న జీఎం 5.3 లీటర్ల ఇంజిన్లలో లిఫ్టర్లు (వాల్వులను తెరిచే భాగాలు) పాడవడం ఏళ్లుగా అందరికీ తెలిసిన బాధే. రామ్ హెమీ వీ8లోనూ లిఫ్టర్ల టిక్ టిక్ శబ్దం మెకానిక్‌లకు బాగా పరిచయం. 2025కి తీసేసిన హెమీని 2026కి రామ్ తిరిగి తెచ్చిందంటే, కొనేవాళ్లు పట్టుబట్టారని అర్థం. దాని మన్నికకు అది సర్టిఫికెట్ కాదు.

మరోవైపు ఫోర్డ్ 3.5 లీటర్ల ఎకోబూస్ట్ టర్బో వీ6 ఎఫ్-150లో 2011 నుంచీ ఉంది. 2017 తర్వాతి కొన్నేళ్ల బండ్లలో క్యామ్ ఫేజర్లు (వాల్వుల టైమింగును సర్దే భాగాలు) గిలక్కాయలా మోగడం దాని పేరుమోసిన లోపం. అది టర్బోది కాదు. అలా అని టర్బోకు ఖర్చు లేదనీ అనను. భాగాలు ఎక్కువ, వేడి ఎక్కువ, ఆయిల్ మార్పులో బద్ధకం చేస్తే అది క్షమించదు.

అపోహ: ఆరు లక్షల బండ్లు రీకాల్ అయ్యాయంటే ఆరు లక్షల ఇంజిన్లూ పోయినట్టే.

ఎల్87 రీకాల్‌లో అమెరికాలోని బండ్లు దాదాపు 5,97,000. వాటిలో నిజంగా లోపం ఉండేది సుమారు 3 శాతంలోనేనని కంపెనీ అంచనా వేసింది. అప్పటికి దాని దగ్గర చేరిన ఫిర్యాదులు, ఘటనలు 28,102. అంటే నూటికి ఐదు లోపే. నడుస్తుండగా శక్తి పోయిందన్నవి 14,332. ఈ అంకెలు చూసి ‘ఇంతేనా’ అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నేను ఏకీభవించను. ఫ్రీవేలో 70 మైళ్ల వేగంతో పోతున్నప్పుడు, వెనుక సీట్లో పిల్లలుండగా ఇంజిన్ పట్టేస్తే ఆ నూటిలో ఒకరి బాధ మనదే. శాతాన్ని బట్టి భయపడొద్దు, నిర్లక్ష్యమూ వద్దు. కొనాలనుకున్న బండి 17 అక్షరాల విన్ (గుర్తింపు) నంబరును అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో వేసి చూడండి. అది ఉచితం. రీకాల్ పని పెండింగ్‌లో ఉంటే తెలిసిపోతుంది. ఆ పని పూర్తయి, కాగితాలున్న బండిని రీకాల్ వచ్చిందన్న ఒక్క కారణంతో వదులుకోనక్కర్లేదు.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుంది.

ఎల్87 రీకాల్‌లో చేసిన తనిఖీలో నెగ్గిన బండ్లకు 0డబ్ల్యూ-20 ఆయిల్ తీసి 0డబ్ల్యూ-40 పోశారు, 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్ల ప్రత్యేక వారంటీ ఇచ్చారు. దాంతో అన్ని ఇంజిన్లకూ చిక్కటి ఆయిల్ మంచిదన్న ప్రచారం బయల్దేరింది. చిక్కటి ఆయిల్ బేరింగు మీద పొరను కాస్త మందంగా నిలుపుతుంది, అంతే. గీతలు పడ్డ క్రాంక్‌ను అది బాగుచేయదు. మీ ఇంజిన్‌కు మాన్యువల్ ఏది చెబితే అదే పోయండి. మార్పును మాత్రం డ్యాష్‌బోర్డు గుర్తుచేసేదాకా ఆపకుండా కాస్త ముందే చేయించండి.

అపోహ: డీజిల్ ఇంజిన్‌కు చావు లేదు.

ట్రాక్టర్లు, లారీలు చూస్తూ పెరిగిన మనకు ఈ నమ్మకం సహజం. ఇప్పటి అమెరికన్ డీజిల్ పికప్ వేరు. పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, దాన్ని అప్పుడప్పుడు బాగా వేడెక్కించి కాల్చాలి. రోజూ బడికి, సరుకులకు నాలుగేసి మైళ్లు తిరిగితే ఆ వేడి అందదు, ఫిల్టరు మూసుకుపోతుంది. జీఎం 3.0 లీటర్ల డ్యూరామాక్స్ తొలి తరంలో ఆయిల్ పంపును తిప్పే బెల్టును 1,50,000 మైళ్లకు మార్చాలి. అది ఇంజిన్ వెనుక భాగంలో ఉంది కాబట్టి గేర్‌బాక్స్ దించక తప్పదు. 2003 నుంచి 2007 వరకు వచ్చిన ఫోర్డ్ 6.0 పవర్‌స్ట్రోక్ ఈజీఆర్ కూలర్లు, హెడ్ గ్యాస్కెట్ల ఖర్చుతో ఎందరినో ముంచింది. వారం వారం బరువైన ట్రెయిలర్‌ను దూరం లాగేవారికి డీజిల్ నిజంగా మేలు. ఊళ్లో తిరిగేవారికి అది అనవసర భారం.

అపోహ: వారంటీ ఉంది, ఇక బెంగెందుకు?

పవర్‌ట్రెయిన్ వారంటీ ఫోర్డ్, జీఎం, టొయోటాల్లో సాధారణంగా 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు. పికప్ కొనేవాళ్లు చాలామంది అంతకంటే ఎక్కువ కాలమే ఉంచుకుంటారు. రామ్ 2026 మోడళ్లకు ఈ వారంటీని 10 ఏళ్లు, 1,00,000 మైళ్లకు పెంచింది. బయటి షెడ్డులో ఆయిల్ మార్పిస్తే వారంటీ పోతుందన్న బెదిరింపుకు మాత్రం లొంగొద్దు. 1975 నాటి మాగ్నసన్–మాస్ చట్టం ప్రకారం ఆ ఒక్క కారణంతో వారంటీ కాదనడం కుదరదు. రసీదులన్నీ దాచుకోండి.

అపోహ: మైళ్లు తక్కువుంటే ఇంజిన్ కొత్తదానిలాగే ఉంటుంది.

పాత పికప్ కొనేవారిని ఎక్కువగా మోసం చేసేది ఇదే. పశ్చిమ టెక్సస్ చమురు బావుల దగ్గర ఏసీ కోసం పొద్దస్తమానం ఇంజిన్ ఆపకుండా నిలబెట్టిన ట్రక్కు ఓడోమీటరు కదలదు, ఇంజిన్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. చాలా పికప్‌ల డ్యాష్‌బోర్డు మెనూలో ఇంజిన్ గంటలు కనిపిస్తాయి. మైళ్లను గంటలతో భాగించండి. 40,000 మైళ్లకు 2,500 గంటలు వచ్చాయంటే సగటు వేగం గంటకు 16 మైళ్లు. నడిచిన కాలం కంటే నిలబడి మండిన కాలమే ఎక్కువేమోనని అనుమానించాలి. 1,100 గంటలుంటే హైవే మీద తిరిగిన బండి కావొచ్చు.

చూడటానికి వెళ్లేముందు, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవారికి చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందో లేదో చూడండి. లిఫ్టర్ల టిక్ టిక్, క్యామ్ ఫేజర్ల గిలక్కాయ చప్పుడు బాగా బయటపడేది చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయిన మొదటి కొన్ని క్షణాల్లోనే. వేడెక్కాక అవి సర్దుకోవచ్చు. వెచ్చగా తగిలితే మర్నాడు పొద్దున వస్తామని చెప్పి వచ్చేయండి.