పాతాళ పీడనంపై కంప్యూటర్ నిఘా

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద చమురు, సహజవాయు సంస్థ బావి నుంచి వాయువు అదుపు తప్పి ఎగసింది. ఆ మంటలు 65 రోజులపాటు ఆరలేదు. మార్చి 15న గాని నిపుణులు బావిని అదుపులోకి తేలేకపోయారు. భూగర్భ పీడనం చేయి దాటితే ఎంతటి విపత్తు ముంచుకొస్తుందో ఆ అగ్నికీలలు దేశానికి చాటాయి.

బావి తవ్వే ఇంజనీర్లది కత్తిమీద సాము. గొట్టం గుండా లోపలికి పంపే 'మడ్' అనే చిక్కని ద్రవం తన బరువుతో రాతిపొరల్లోని వాయువును అణచి ఉంచుతుంది. ఆ బరువు చాలకపోతే వాయువు పైకి తన్నుకొస్తుంది. మితిమీరితే రాతిపొర చీలి ద్రవమే అందులోకి ఇంకిపోతుంది. అధిక పీడన పొరల్లో ఈ రెండు హద్దుల నడుమ వెసులుబాటు బహు స్వల్పం.

ఆ వెసులుబాటును ముందుగా లెక్కగట్టడమే కంప్యూటర్ నమూనాల పని. అధిక పీడనం గల పొరల్లో ప్రకంపన తరంగాల వేగం సాధారణంగా ఉండవలసిన దానికన్నా తగ్గుతుంది. సర్వేలో తేలిన ఆ వేగాలను, పొరుగు బావుల కొలతలను జోడించి ఏ లోతున ఎంత పీడనం ఎదురుకాగలదో నమూనా అంచనా వేస్తుంది. తవ్వకం సాగుతుండగా అందే కొలతలను బట్టి ఇంజనీర్లు ఆ అంచనాను సవరిస్తారు. కృష్ణా-గోదావరి తీర సముద్రంలో 2023 జూన్‌లో ఉత్పత్తి ప్రారంభమైన ఎంజే వంటి అధిక పీడన, అధిక ఉష్ణోగ్రత క్షేత్రాలలో ఇటువంటి లెక్కలు అత్యవసరం.

అయితే యంత్రం హెచ్చరించగలదే గాని, నిర్ణయం తీసుకోవలసింది మనిషే. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలోని 'డీప్‌వాటర్ హొరైజన్' రిగ్‌పై జరిపిన పరీక్షలో పీడనం అసాధారణంగా నమోదైంది. సిబ్బంది దానికి వేరే కారణం చెప్పుకుని పని కొనసాగించారు. ఆ రాత్రి సంభవించిన పేలుడులో 11 మంది మరణించారు.

మన దేశంలోనూ ముప్పు తొలగిపోలేదు. అస్సాంలోని బాఘ్‌జాన్‌లో 2020 మే 27న అదుపు తప్పిన బావికి జూన్ 9న నిప్పంటుకుంది. ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వేలాది గ్రామస్థులు ఇళ్లు విడిచి శిబిరాలలో తలదాచుకున్నారు. నవంబర్ 15న గాని ఆ బావిని పూర్తిగా అణచలేకపోయారు.

రిగ్ ఒక్కరోజు నిలిచిపోయినా భారీ నష్టమే. అయినా తెరపై అంకె అనుమానం రేకెత్తించిన క్షణాన పని ఆపించే అధికారం అక్కడి ఇంజనీరుకు ఉండాలి. ఆ అధికారం లేనిచోట ఎంతటి మేలైన నమూనా అయినా నిష్ప్రయోజనమే.