అవతారికలలో కవయిత్రుల ఆత్మదర్శనము

కావ్యావతారిక కవి తన్ను తాను లోకమునకు ఎఱిగించుకొను తావు. పురుషకవులు సామాన్యముగా గోత్రసూత్రములతో, పితృపితామహుల నామములతో తమ్ము నిరూపించుకొందురు. ఆ సంప్రదాయమునే చేపట్టిన కవయిత్రులు తమ్మెట్లు చూచుకొనిరనునది విచారణీయము.

మొల్ల తన రామాయణమున తాను ఆతుకూరి కేసన తనయనని చెప్పి, తనకు శాస్త్రపరిచయము లేదనియు, గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని వరముచే కవిత్వ మబ్బినదనియు పలికెను. బాల్యముననే భర్తను కోల్పోయిన తరిగొండ వెంగమాంబయు తన కవిత్వమునకు గురుశిక్షను గాక తరిగొండ నృసింహుని అనుగ్రహమునే కారణముగా నిలిపెను.

ఇచట ఒక పూర్వపక్షము కలదు. వినయోక్తి కవులకెల్ల సాధారణము. పోతనయు భాగవతరచనకు రాముడే ప్రేరకుడని చెప్పెను గదా, ఇందు స్త్రీత్వప్రసక్తి యేల? ఉక్తి సమానమైనను ఫలము భిన్నమనుట సమాధానము. పోతన మాటను లోకము భక్తిగా గ్రహించెను. మొల్ల మాటను కొందఱు పాండిత్యాభావమునకు సాక్ష్యముగా గొనిరి. తెలియవన్న విషయములనే పారిభాషికపదములతో పేర్కొనుట అజ్ఞతాలక్షణము కాదు. శాస్త్రాధ్యయనము స్త్రీలకు సులభము కాని సమాజమున దైవానుగ్రహమొక్కటియే ఎవ్వరును ప్రశ్నింపజాలని అధికారపత్రమయ్యెను.

తంజావూరి ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానమందలి ముద్దుపళని మార్గము వేఱు. రాధికాసాంత్వనమున ఆమె అవ్వయగు తంజనాయకిని స్మరించి, తన విద్యను, తాను చేసిన పండితసత్కారమును, తనకు అంకితమైన కృతులను సగర్వముగా పేర్కొనెను. గణికాకులమున స్త్రీకి విద్యయు, ధనముపై స్వామ్యమును ఉండుటయే ఈ ధైర్యమునకు మూలము. స్త్రీత్వ మొక్కటియే, సంస్కృతిభేదముచే ఆత్మదర్శనము మాఱినది.

ఆ ధైర్యమే పిమ్మట దోషమయ్యెను. స్త్రీ యిట్టి శృంగారము వ్రాయుట తగదని వీరేశలింగము ఆక్షేపించెను. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యమును పరిష్కరించి ప్రకటించి, పురుషులు రచించిన శృంగారమునకు లేని దోషము దీనికేల యని ప్రశ్నించెను. 1911లో ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు.

వినయము చూపిన మొల్ల అవిదుషిగా, గర్వము చూపిన ముద్దుపళని నిర్లజ్జగా గణింపబడిరి. కావున అవతారికను బోధించునపుడు కవయిత్రి మాటతోపాటు, ఆ మాటను ఆమెచే అనిపించిన సంప్రదాయమును, దానిని విన్నవారి దృష్టిని గూడ పరిశీలించుట న్యాయము.