ఏ.సి. మాటిమాటికి ఆగుచున్నదా?

కర్నూలు, కడప జిల్లాలలో మే మాసపు టెండ 40 డిగ్రీలు దాటుచుండును. పగలెల్ల కాగిన మిద్దె అర్ధరాత్రి దాక వేడిమిని వదలదు. ఇట్టి దినములలో ఇంట వృద్ధులు, పసిబిడ్డలు ఉన్నచో ఏ.సి. విలాసము కాదు, అవసరమే.

స్మార్ట్ థర్మోస్టాట్ అమర్చిన పిమ్మట కొన్ని యిండ్లలో కంప్రెసరు నాలుగైదు నిమిషములకే ఆగి, వెంటనే మరల కదలుచుండును. గది చల్లబడదు, కరెంటు వృథా యగును, కంప్రెసరు ఆయువు తరుగును.

దోష మెక్కడ? మొదట క్రొత్త సాధనమును పక్కన బెట్టి, పాత రిమోటుతోనే ఒక పూట నడిపి చూడుడని మా సలహా. జబ్బు పోయినచో దోషము క్రొత్త అమరికదే.

మన స్ప్లిట్ ఏ.సి.కి తనదైన థర్మోస్టాట్ లోపలనే కలదు. క్రొత్తది సాధారణముగా రిమోటు వలె సంకేతములు పంపును. చల్లగాలి దానికి సూటిగా తగిలినచో, గది చల్లబడకమున్నే యంత్రము నాపును. వెంటనే మరల నడుపును. కావున దానిని గాలిదారికిని, ఎండ సోకు గోడకును ఎడముగా నుంచుడు. ఆపు వేడిమికిని, నడుపు వేడిమికిని నడుమ 1 డిగ్రీ అంతరమైన నుండవలెను. ఆగిన కంప్రెసరుకు సుమారు 3 నిమిషముల విరామ మీయుడు. లోపలి పీడనములు సమమగుటకు ఆ వ్యవధి కావలయును.

పాత రిమోటుతోను జబ్బు పోనిచో థర్మోస్టాటును నిందింపరాదు. మన సీమ దుమ్ము ఫిల్టరును మూసివేయును. పక్షమున కొకసారి కడిగి ఆరబెట్టుడు. బయటి యూనిట్టుకు గాలి యాడుచున్నదా చూడుడు. అప్పటికిని తీరనిచో మెకానిక్కును పిలువుడు. గ్యాసు, కరెంటు పనులు మనము చేయదగినవి కావు. ఎండలు ముదరకమున్నే ఈ పరీక్ష చేసికొనుట మేలు.