గ్రాఫిక్స్ కార్డు ఎంపిక – వివేచన

వస్తువు విలువ దాని ధరలో కాక, అది తీర్చే అవసరంలో ఉంటుంది. నూతన సాధనాలను కొనే సందర్భంలో ఈ సూత్రం తరచుగా మరుగున పడుతుంది. కంప్యూటరు క్రీడల పట్ల ఆసక్తి గల యువతీయువకులు ఎంతో మోజు పడే గ్రాఫిక్స్ కార్డు ఇందుకు తగిన ఉదాహరణ. 2025 జనవరిలో ఎన్విడియా సంస్థ తన జీఫోర్స్ ఆర్‌టిఎక్స్ 5090 కార్డు ధరను 1,999 డాలర్లుగా ప్రకటించింది. మన దేశంలో అది 2 లక్షల రూపాయలను మించింది. మధ్యతరగతి కుటుంబానికి ఇది కొన్ని నెలల సంపాదన. అందువల్ల ‘అన్నిటికంటె గొప్ప కార్డు ఏది?’ అనే ప్రశ్నకు ముందు, ‘ఉన్న అవసరానికి తగిన కార్డు ఏది?’ అనే ప్రశ్న వేసుకోవడం వివేకవంతుల లక్షణం.

ముందుగా గ్రాఫిక్స్ కార్డు చేసే పని ఏమిటో తెలుసుకోవాలి. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు క్లిష్టమైన పనులను ఒకదాని వెంట ఒకటిగా వేగంగా పూర్తి చేస్తుంది. తెరపై బొమ్మను గీయడం ఇందుకు భిన్నమైన పని. అందులో లక్షలాది చిన్న చుక్కలకు ఒకేసారి రంగును లెక్కకట్టవలసి ఉంటుంది. వరినాట్లు వేసే కూలీలు పొలంలో బారులు తీరి, ఎవరి వరుసను వారు ఏకకాలంలో నాటుకుంటూ పోయినట్లు, గ్రాఫిక్స్ చిప్పులోని వేలాది చిన్న గణన విభాగాలు ఈ పనిని పంచుకుంటాయి. ఆర్‌టిఎక్స్ 5090 లో ఇటువంటి విభాగాలు 21,760 ఉన్నాయి. 1999లో వెలువడిన జీఫోర్స్ 256 తో ‘జీపీయూ’ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది.

ఎంపికకు తొలి మెట్టు తెర. ఫుల్ హెచ్‌డి తెరపై అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు, అనగా మొత్తం 20 లక్షల 73 వేలకు పైగా చుక్కలు ఉంటాయి. 4కె తెరపై అవి సరిగ్గా నాలుగు రెట్లు, అంటే సుమారు 83 లక్షలు. సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ఫుల్ హెచ్‌డి తెరకు దాదాపు 12 కోట్ల చుక్కలను, 4కె తెరకు దాదాపు 50 కోట్ల చుక్కలను లెక్కకట్టాలి. కార్డుపై పడే భారాన్ని నిర్ణయించేవి తెర, ఆడే ఆట అని దీనినిబట్టి స్పష్టమవుతుంది. సెకనుకు 60 చిత్రాలను మాత్రమే చూపగల ఫుల్ హెచ్‌డి మానిటరును ఉంచుకొని, 200 చిత్రాలను గీయగల కార్డును కొంటే, ఆ శక్తిలో అధిక భాగం కంటికి కనిపించకుండానే పోతుంది. అటువంటి వారు కార్డు కంటె ముందుగా మానిటరును మార్చుకోవడం మేలు.

రెండవ మెట్టు ప్రాసెసరు. ఆటలోని పాత్రల కదలికలను, నియమాలను లెక్కించి, ఏమి గీయాలో కార్డుకు తెలిపేది ప్రాసెసరే. కాడికి ఒక ప్రక్క కోడెను, మరొక ప్రక్క ముసలి ఎద్దును కట్టినప్పుడు బండి ముసలి ఎద్దు నడకతోనే సాగుతుంది. పాత ప్రాసెసరుకు అత్యంత వేగవంతమైన కార్డును జతచేసినప్పుడు జరిగేది కూడా ఇదే.

మూడవది కార్డులోని స్మృతి, అనగా మెమొరీ. దృశ్యంలోని గోడలు, చెట్లు, వస్త్రాల ఉపరితల చిత్రాలన్నీ ఇందులో నిలువ ఉంటాయి. ఇది చాలనప్పుడు కార్డు కంప్యూటరులోని సాధారణ మెమొరీని ఆశ్రయిస్తుంది. ఆ మార్గం ఎంతో నెమ్మదైనది కావడం వల్ల ఆట మధ్యమధ్య ఆగి ఆగి సాగుతుంది. ఈ విషయంలో కేవలం పేరును చూసి మోసపోరాదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 5060 టిఐ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ మెమొరీ గల రెండు రకాలుగా వెలువడింది. ల్యాప్‌టాప్‌లలోని ఆర్‌టిఎక్స్ 4090 లో 16 జీబీ మెమొరీ ఉండగా, అదే సంఖ్య గల డెస్క్‌టాప్ కార్డులో 24 జీబీ ఉంటుంది. రెండింటిలోని చిప్పులు కూడా వేరు. 2022లో ఎన్విడియా ఆర్‌టిఎక్స్ 4080 అనే పేరును శక్తిలో తేడా గల రెండు కార్డులకు ప్రకటించింది. విమర్శలు రావడంతో 12 జీబీ కార్డును ఉపసంహరించుకొని, 2023 జనవరిలో 4070 టిఐ అనే పేరుతో విడుదల చేసింది.

ప్రకటనలలోని అంకెలను కూడా పరిశీలనగా చదవాలి. దృశ్యాన్ని తక్కువ చుక్కలతో గీసి, కృత్రిమ మేధ సహాయంతో పెద్దదిగా చూపే పద్ధతి 2018 తరువాత వ్యాప్తిలోకి వచ్చింది. అటుపిమ్మట, గీసిన చిత్రాల నడుమ ఊహాచిత్రాలను చేర్చే పద్ధతి వచ్చింది. 2025 జనవరిలో ‘549 డాలర్ల 5070 కార్డులో 4090 పనితీరు’ అన్న ప్రకటన వెలువడింది. అది, గీసిన ఒక్కొక్క చిత్రానికి మూడు ఊహాచిత్రాలను చేర్చే విధానంపై ఆధారపడినది. ఇందువల్ల కదలిక కంటికి నునుపుగా తోస్తుంది. కాని మీట నొక్కిన తరువాత ఆట స్పందించే వేగం ఆ మేరకు పెరగదు. కాబట్టి స్వతంత్రంగా పరీక్షించినవారి ఫలితాలను, అందునా తాము ఆడదలచిన ఆటకు, తమ తెరకు సంబంధించిన ఫలితాలను పోల్చి చూడాలి.

తరువాత పరిశీలించవలసినది విద్యుత్తు. ఆర్‌టిఎక్స్ 5090 గరిష్ఠంగా 575 వాట్లు వినియోగిస్తుంది. ఇంటిలోని 230 వోల్టుల వద్ద ఇది రెండున్నర ఆంపియర్ల ప్రవాహం మాత్రమే. కాని కార్డుకు అందేది 12 వోల్టులు. అక్కడ అదే శక్తికి దాదాపు 48 ఆంపియర్లు ప్రవహించాలి. విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమంగా వేడి పుడుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలుసు. ఇంత ప్రవాహం ఒక చిన్న కనెక్టరులోని ఆరు పిన్నుల గుండా సాగుతుంది. అది వదులుగా ఉంటే నిరోధం పెరిగి, ప్లాస్టిక్ కరిగే ప్రమాదం ఉంది. 2022 చివర ఆర్‌టిఎక్స్ 4090 విషయంలో ఇటువంటి సంఘటనలు వెలుగులోకి వచ్చాయి. కనెక్టరును పూర్తిగా లోపలికి చొప్పించకపోవడం ఒక ముఖ్య కారణమని సంస్థ వెల్లడించింది. తరువాత ఆ కనెక్టరు నిర్మాణాన్ని సవరించారు. లక్షల రూపాయల కార్డుకు నాసిరకపు ఎస్.ఎం.పి.ఎస్. ను జతచేయడం గొప్ప మేడను ఇసుకపై కట్టడం వంటిది. 5090 కు 1,000 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ను సిఫారసు చేయగా, 304 వాట్ల రేడియాన్ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టి వంటి కార్డులకు అంతకంటె తక్కువ సరిపోతుంది.

తెలుగునాట వేసవి తీవ్రతను, విద్యుత్ కోతలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కార్డు వినియోగించే విద్యుత్తు దాదాపు అంతా చివరకు గదిలో వేడిగా మారుతుంది. 40 డిగ్రీల ఎండలో అది చిన్న హీటరు వెలిగించినట్లే. ఇళ్లలో సాధారణంగా కనిపించే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లను మాత్రమే మోయగలదు. రోజుకు నాలుగు గంటలు పూర్తి భారంతో ఆడితే 575 వాట్ల కార్డు ఒక్కటే నెలకు 69 యూనిట్లు ఖర్చు చేస్తుంది. దానితో కరెంటు బిల్లు పై శ్లాబులోకి వెళ్లవచ్చు. 30 సెంటీమీటర్లకు పైగా పొడవుండే ఈ కార్డులు కేబినెట్‌లో ఇముడుతాయో లేదో ముందే కొలిచి చూసుకోవాలి.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి విపణులలో విచారించేటప్పుడు వారంటీ ఎన్ని సంవత్సరాలు, దానిని నెరవేర్చే బాధ్యత ఎవరిది అనే అంశాలను స్పష్టంగా అడగాలి. సీరియల్ నంబరు గల బిల్లు తప్పక తీసుకోవాలి. వాడిన కార్డులను కొనేవారికి మరింత జాగ్రత్త అవసరం. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన విధానాన్ని మార్చుకొనే వరకు, ఆ డిజిటల్ నాణేన్ని సంపాదించడానికి అసంఖ్యాకంగా కార్డులు రేయింబవళ్లు పనిచేశాయి. పైకి కొత్తగా తోచినా, వాటి ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు. పూర్తి భారంతో కొంతసేపు నడిపి చూసిన తరువాతనే సొమ్ము చెల్లించాలి.

గ్రాఫిక్స్ కార్డు వినోదానికి మాత్రమే పరిమితమైనది కాదు. 2012లో టొరాంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు జీటీఎక్స్ 580 కార్డులతో శిక్షణ ఇచ్చిన అలెక్స్‌నెట్, చిత్రాలను గుర్తించే పోటీలో గెలిచి కృత్రిమ మేధ చరిత్రను మలుపు త్రిప్పింది. ఆ కార్డులు ఒక్కొక్కటి 3 జీబీ మెమొరీ గల ఆటల కార్డులే. నేడు ఎన్విడియా, ఏఎండి సంస్థల కేంద్రాలు హైదరాబాదులో కూడా ఉన్నాయి. ఆటకై కొన్న కార్డు చదువుకు, చిత్రనిర్మాణానికి, ప్రోగ్రాముల రచనకు ఉపకరిస్తే ఆ వ్యయం సార్థకమవుతుంది.

తెర, ఆట, ప్రాసెసరు, మెమొరీ, విద్యుత్తు, వారంటీ – ఈ ఆరింటిని వరుసగా పరిశీలించి, చివరకు ధర వద్దకు రావడం సరైన మార్గం. ఇలా పరిశీలించిన వారిలో కొందరికి అత్యున్నతమైన కార్డే తగినదిగా తేలవచ్చు. అనేకులకు అందులో సగం ధర కూడా లేని కార్డే చాలునని తెలుస్తుంది. ఏది ఎంతవరకు అవసరమో ఎరిగి కొన్నవారికి వస్తువు సేవ చేస్తుంది. ఎరుగక కొన్నవారు ఆ వస్తువుకే సేవ చేయవలసి వస్తుంది.