పాట కూడు పెడుతుందా?

"పాట కూడు పెడుతుందిరా?" విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చేరతానన్నప్పుడు మా నాన్నగారు అడిగిన ప్రశ్న యిది. హార్బరులో పనిచేసిన మనిషి. జవాబు చెప్పలేకనే విశాఖలో రైలెక్కాను.

సంగీత కళాశాల అంటే పాడుకుంటూ కాలక్షేపం చేసే చోటని మన మిత్రులు చాలామంది అనుకుంటారు. కాని అసలు పాట దగ్గరకు రావడానికే నాకు ఏడాది పట్టింది. మొదట మాయామాళవగౌళలో సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు. ఆ తర్వాతే గీతాలు, వర్ణాలు, కృతులు. ఆ రాగంతోనే మొదలు పెట్టడానికి కారణం వుంది. అందులో స-రి-గ-మల మధ్య ఎంతెంత ఎడం వుంటుందో ప-ద-ని-సల మధ్యా అంతే. ఒకటి పట్టుబడితే రెండవది సులువవుతుంది.

ప్రతి వరుసనూ మూడు కాలాలలో పాడాలి. చేతి తాళం మారకూడదు. స్వరాలు మాత్రం రెండింతలు, నాలుగింతలు కావాలి. మూడవ కాలంలో నా చెయ్యి గొంతు వెంట పరుగెత్తేది. "చెయ్యి నీది కాదనుకోవోయ్" అనేవారు మాస్టారు.

మా గదిలో ముగ్గురం. ఒకరిది వయొలిన్, ఒకరిది మృదంగం, నాది గాత్రం. పరీక్షల ముందు ముగ్గురం ఒకేసారి సాధన మొదలుపెడితే ఇంటివారు తలుపు తట్టేవారు. అందుకని వంతులు వేసుకున్నాం. వంటకూ అవే వంతులు.

ఆ కళాశాల 1919లో స్థాపించబడింది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరుదామని వెళ్ళి, వయొలిన్ ఆచార్యులుగా నియమితులయ్యారు. ఘంటసాలగారు మధూకరం చేసుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికంలో నేర్చుకున్నారు.

రెండవ ఏడు వర్ణం పరీక్షలో తాళం తప్పి, మానేద్దామని ఇంటికొచ్చేశాను. మళ్ళీ ధైర్యం తెచ్చుకుని నాన్నగారికి ఘంటసాలగారి మధూకరం సంగతి చెప్పాను. "ఆయన ఘంటసాల. నువ్వెవరు?" అన్నారు. కాసేపాగి, "వారాలు చేసుకునే అవసరం నీకు లేదుగదా, వెళ్ళు" అంటూ రైలు ఛార్జీలు చేతిలో పెట్టారు.

ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతూ, సాయంత్రాలు గాజువాకలో మా యింటి వసారాలో స్టీల్‌ప్లాంటు ఉద్యోగుల పిల్లలకు సంగీతం చెబుతున్నాను. నా ఫీజు అందులోంచే కడుతున్నాను. నాన్నగారు పడక్కుర్చీలో కూర్చుని వింటారు. ఏ పిల్లయినా తాళం తప్పితే నాకంటే ముందు ఆయనే "ఊఁ" అంటారు.

ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు.