బడి గడపలో మొదటి అబద్ధం

చదువు కొరకు తన వంశాన్ని మార్చి చెప్పుకొన్న విద్యార్థి కథ మనకు కొత్తది కాదు. ద్రోణుడు బ్రహ్మాస్త్రం నేర్పనన్నప్పుడు కర్ణుడు మహేంద్రగిరికి పోయినాడు. భార్గవ బ్రాహ్మణుడనని చెప్పి పరశురామునికి శిష్యుడైనాడు. నిజం బయటపడిన నాడు గురువు ఇచ్చిన శాపం అందరూ ఎరిగినదే. ఈ కథ చెప్పినప్పుడెల్లా తరగతిలో ఏదో ఒక మూల నుండి ఒక ప్రశ్న వస్తుంది: తప్పు ఎవరిది? అబద్ధమాడిన శిష్యునిదా? నిజం చెప్పినవానికి తెరుచుకోని తలుపుదా? గంట కొట్టి పాఠం ముగిసినా ఆ ప్రశ్న ముగియదు.

నేడు తలుపు వద్ద అడిగేది వంశం కాదు, చిరునామా. ‘మీ ఇల్లెక్కడ?’ అన్న చిన్న ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టి బిడ్డకు మంచి బడి దొరకడమో, దొరకకపోవడమో జరుగుతున్నది. అందుచేత బంధువుల ఇంటినో, స్నేహితుల ఇంటినో తమ ఇల్లుగా చూపి, లేని అద్దెకు కరారు వ్రాయించి, బిడ్డను బడిలో చేర్చే తల్లిదండ్రులు అనేక దేశాలలో ఉన్నారు. ఇది ఒక మూల జరిగే చిల్లర మోసం కాదు. చదువును సమాజం ఎట్లా పంచుకొంటున్నదో చూపే అద్దం.

అమెరికా సంగతి చూడండి. అక్కడ ప్రభుత్వ పాఠశాలలో చదువు ఉచితం. కాని ఏ పాఠశాల అన్నది సాధారణంగా ఇల్లు ఉన్న చోటును బట్టి నిర్ణయమవుతుంది. పాఠశాలల ఖర్చులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇళ్లమీద, స్థలాలమీద వచ్చే పన్ను నుండి సమకూడుతుంది. ఇళ్ల ధర ఎక్కువైన చోట బడికి రాబడి ఎక్కువ; బడి మంచిదైన చోట ఇళ్ల ధర ఇంకా ఎక్కువ. ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమన్నది మన సామెత. బడిని చూచి ఇంటిని చూడుమన్నది అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు నేర్చుకొన్న కొత్త సామెత. ఆ ఇంటి అద్దె చెల్లించగలవారికి అబద్ధంతో పని లేదు. చెల్లించలేనివారి మాట ఏమిటి?

టెక్సాస్ రాష్ట్రంలోని సాన్ ఆంటోనియో నగరంలో పిల్లల తల్లిదండ్రులు ఈ ప్రశ్ననే న్యాయస్థానానికి తీసుకొనిపోయినారు. 1967–68 విద్యాసంవత్సరపు లెక్కలు విచారణలో చర్చకు వచ్చినవి. ఎడ్జ్‌వుడ్ అనే పేదల ప్రాంతం ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 1 డాలరు 5 సెంట్లు పన్ను కట్టినది. అలమో హైట్స్ అనే సంపన్నుల ప్రాంతం కట్టినది 85 సెంట్లే. అయినను సమాఖ్య, రాష్ట్ర నిధులన్నీ కలుపుకొన్న తరువాత ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కొక్క విద్యార్థికి ఖర్చు చేయగలిగినది 356 డాలర్లు; అలమో హైట్స్‌లో 594 డాలర్లు. ఎక్కువ రేటున పన్ను కట్టినవారి పిల్లలకు తక్కువ చదువు! 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో ఈ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధం కాదని తీర్పు చెప్పినది. మరుసటి సంవత్సరం, 1974లో, డెట్రాయిట్ వ్యాజ్యంలో మరొక 5–4 తీర్పు వచ్చినది. నగరంలోని జాతి వేర్పాటును తొలగించడానికి, తప్పు చేసినట్లు రుజువు కాని శివారు విద్యా మండలాలను అందులో చేర్చకూడదన్నది దాని సారాంశం. 1954లో తెల్ల పిల్లలకు, నల్ల పిల్లలకు వేరువేరు బడులు చెల్లవని చెప్పిన న్యాయస్థానమే, ఇరవై యేళ్ల తరువాత ఎల్లల గోడను మాత్రం నిలువనిచ్చినది.

ఆ గోడను దాటబోయిన ఒక తల్లి కథ 2011లో ప్రపంచమంతటా ప్రచారమయినది. ఆమెది ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ నగరం, నల్లజాతి స్త్రీ, ప్రభుత్వం కట్టించిన ఇంటిలో కాపురం. ఆమె తండ్రి మాత్రం పొరుగున ఉన్న కాప్లీ–ఫెయిర్‌లాన్ విద్యా మండలంలో నివసించేవాడు. ఆమె తన ఇద్దరు కుమార్తెలను ఆ తాతగారి చిరునామాతో అక్కడి బడిలో చేర్చి రెండేళ్లు చదివించినది. బడివారు గూఢచారిని నియమించి రాకపోకలు కనిపెట్టించినారు. సుమారు 30,000 డాలర్ల రుసుము ఎగవేసినదన్నారు. పత్రాలను తారుమారు చేసిన నేరంపై జ్యూరీ ఆమెను దోషిగా నిర్ణయించినది. న్యాయాధిపతి 5 సంవత్సరాల శిక్ష వేసి, 10 దినాలు తప్ప తక్కినది నిలిపివేసినారు.

ఇందులో మన ఉపాధ్యాయ లోకం గమనించవలసిన విషయమొకటి ఉన్నది. ఆమె బడిలో ఉపాధ్యాయులకు సహాయకురాలుగా పనిచేస్తూ, తానుకూడా ఉపాధ్యాయురాలు కావలెనని చదువుకొంటున్నది. ఘోరనేరం పేరుమీద నిలిచినట్లయితే ఆ వృత్తి తలుపు ఆమెకు మూసుకుపోయే ప్రమాదం ఏర్పడినది. అదే సంవత్సరం సెప్టెంబరులో గవర్నరు జాన్ కేసిక్ ఆ నేరాలను స్వల్పనేరాలుగా తగ్గించినారు. విచిత్రమేమనగా, విద్యకు నిధులు సమకూర్చే తమ రాష్ట్ర పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఒహాయో సుప్రీంకోర్టు 1997లోనే తీర్పు చెప్పి ఉన్నది. పద్ధతి తప్పని చెప్పిన న్యాయస్థానం పద్ధతిని పూర్తిగా మార్పించలేకపోయినది. పద్ధతిని దాటిన తల్లి మాత్రం చెరసాల చూచినది.

ఇంగ్లండులో ఈ అనుమానం మరొక దారి పట్టినది. 2008లో పూల్ పట్టణ పాలక మండలి, ఒక కుటుంబం చెప్పిన ఇంటిలో నిజంగా నివసిస్తున్నదా అని సుమారు మూడు వారాలపాటు రహస్యంగా వెంబడించి చూచినది. అందుకు ఆధారంగా చూపినది ఘోర నేరాల విచారణకు కూడా వినియోగపడే 2000 నాటి నిఘా చట్టం. తీరా చూడగా ఆ కుటుంబం చెప్పినది నిజమే! ఆ నిఘా చట్టవిరుద్ధమని 2010లో ట్రిబ్యునలు తేల్చినది. కొందరి అబద్ధం వలన నిజాయితీపరుల గడపకు కూడ కాపలా వచ్చినది.

ఇంతవరకు చదివినవారికి తల్లులమీద జాలి కలుగుట సహజం. ఆ జాలితోనే మన ఊరికి వచ్చి చూచినట్లయితే కథ కొంత మారుతుంది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. అప్పుడు రాష్ట్రాన్ని పాలిస్తున్న పి.వి. నరసింహారావుగారే అటుపిమ్మట కేంద్రంలో విద్యాభారం వహించిన కాలంలో, 1986 జాతీయ విద్యావిధానం వెంట నవోదయ విద్యాలయాలు దేశమంతటా విస్తరించినవి. పల్లెలోని ప్రతిభకు పట్టణపు చదువుతో సమానమైన చదువు ఉచితంగా అందవలెనన్నది ఆశయం. అందుకే కనీసం 75 శాతం స్థానాలు గ్రామీణులకు కేటాయించినారు. ఆ స్థానం కోరే బిడ్డ 3, 4, 5 తరగతులు పల్లెబడిలో చదివి ఉండవలెను. అభ్యర్థి ఆ జిల్లాకు చెందినవాడై ఉండవలెను.

ఈ నియమాన్ని తప్పించుకొనే దారి ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. బిడ్డ ఉండేది పట్టణంలో, కూర్చొనేది ప్రవేశపరీక్షకు తర్ఫీదునిచ్చే గదిలో. పేరు మాత్రం పల్లెబడి హాజరుపట్టీలో. ఊరిలో అమ్మమ్మగారి ఇల్లు చిరునామా అవుతుంది. ప్రధానోపాధ్యాయుని సంతకం సాక్ష్యమవుతుంది. పరీక్ష రోజున ఆ పిల్లవాడు, పొలం గట్టు మీదుగా నడిచి వచ్చిన పిల్లవాడు పక్కపక్క బల్లలమీద కూర్చుంటారు. ఒక విద్యాలయంలో ఏటా చేర్చుకొనేది 80 మందికి మించరు. ఒక దొంగ చిరునామా లోపలికి పోయినదంటే ఒక నిజమైన చిరునామా బయట నిలిచిపోయినదన్నమాట.

ఒహాయో తల్లి ఆడినదీ చిరునామా అబద్ధమే. మనవారు ఆడుతున్నదీ అదే. కాని రెంటినీ ఒకే త్రాసులో తూచరాదు. లేనివానిని చెరువుకు రాకుండా అడ్డుకొనే కంచె ఒకటి; లేనివాని నారుమడిని కాపాడే కంచె మరొకటి. మొదటిదానిని దాటినవానికి దాహం సాక్షి. రెండవదానిని దాటినవాడు మేసేది పొరుగువాని నారు. అబద్ధం తూచేటప్పుడు చెప్పినవాని అవసరంతో పాటు, దానివలన ఎవరి ముద్ద జారిపడినదో కూడ లెక్కించవలెను.

ఐతే మొదటి అబద్ధాన్ని మెచ్చుకొనవచ్చునా? మెచ్చుకొనలేము. ‘ఎవరైనా అడిగితే తాతగారి ఊరు చెప్పు’ అని బిడ్డకు నేర్పిన క్షణంలో ఆ బిడ్డ అక్షరాలకంటె ముందు భయం నేర్చుకొంటుంది. స్నేహితులను ఇంటికి పిలువలేదు. ‘మా ఊరు’ అన్న వ్యాసం నిజంగా వ్రాయలేదు. ఆ భారం మోసేది తల్లిదండ్రులు కారు, బిడ్డ. కాని ఆ భారం దించవలసినవారు కేవలం తల్లిదండ్రులు కూడ కారు. 1966లో కొఠారి సంఘం తన నివేదికలో ఇరుగుపొరుగు పిల్లలందరూ ఒకే బడిలో చదువుకొనే ఏర్పాటు కావలెనని కోరినది. 2009 విద్యాహక్కు చట్టం ఇంటికి దగ్గరలో బడి ఉండుట హక్కుగా చెప్పినది. దగ్గరలో బడి ఉండుట ఒక మెట్టు. ఆ బడి మంచిదై ఉండుట అసలు మెట్టు. అది ఎక్కని నాడు ఎన్ని ధ్రువపత్రాలు అడిగినా, అన్ని దొంగపత్రాలూ పుట్టుకొస్తూనే ఉంటవి.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడనే బాలుడు ఉన్నాడు. గోత్రమేమని గౌతముడు అడిగినాడు. తెలియదని, తన తల్లికి కూడ తెలియదని బాలుడు ఉన్నదున్నట్లు చెప్పినాడు. ఆ నిజాన్నే అర్హతగా ఎంచి గురువు అతనిని శిష్యునిగా చేర్చుకొన్నాడు. ఈ కథను మనం బాలుని సత్యసంధతకు ఉదాహరణగా చెప్పుకొంటాము. అందులో సగం ఘనత గురువుదని మరచిపోతాము. నిజం చెప్పినవానికి చోటిచ్చే గురువు ఉన్నప్పుడే నిజం చెప్పే శిష్యుడు పుడతాడు.

ఉపాధ్యాయ సోదర సోదరీమణులారా! మన చేతిలో చట్టాలు లేవు, నిధులు లేవు. రెండు మాత్రం ఉన్నవి: ఒకటి హాజరుపట్టీ, రెండవది నల్లబల్ల. రాని పిల్లవాని పేరు మొదటిదానిలో వ్రాయకుండుట, వచ్చిన పిల్లవానికి రెండవదానిమీద లోటు లేకుండ వ్రాయుట మన వశంలోని పనులు. మన బడికే బిడ్డను పంపవలెనని పొరుగు వీధి తల్లి కోరుకొన్న నాడు, ఆమెకు తాతగారి చిరునామాతో పని ఉండదు.