మొండికేసిన గేటు

పిల్లలూ! మీ ఇంటి పెరట్లో నీళ్ళ తొట్టి ఉంటే ఒక చిన్న పని చేసి చూడండి. తొట్టి అడుగున నీరు వదలడానికి ఒక తూము ఉంటుంది గదా! దాని మీద ఒక చదునైన రేకు మూత పెట్టి, తొట్టిని నిండా నింపండి. ఇప్పుడు ఆ మూతను తీయండి. ఖాళీ తొట్టిలో వేలితో కదిలిన మూత ఇప్పుడు కదలనంటుంది! బలమంతా ఉపయోగించి లాగవలసి వస్తుంది. మూత బరువు పెరగలేదు. దాని మీద నిలబడిన నీరు దానిని అదిమిపట్టి ఉంచింది, అంతే.

ఆనకట్ట గేటు కూడా ఒక పెద్ద మూతే. తొట్టి మూత అడుగున ఉంటుంది. గేటు నిలువుగా నిలబడి ఉంటుంది. తేడా అంతవరకే. తుంగభద్ర డ్యాము గేటునే తీసుకోండి. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. నీరు దాని పైఅంచు దాకా నిండితే గేటు మీద పడే ఒత్తిడి ఎంతో లెక్క కట్టవచ్చు. పైన ఒత్తిడి సున్న, అడుగున అన్నిటికన్నా ఎక్కువ. సగటు తీసి గేటు వైశాల్యంతో హెచ్చవేస్తే సుమారు 340 టన్నులు వస్తుంది! నిండా సరుకు వేసిన ముప్ఫైకి పైగా లారీలు ఒక్క తలుపును నెడుతున్నట్లు ఊహించుకోండి. ఆ తలుపును మనం పైకి ఎత్తాలి.

ఇంత బలం అవతలికి నెడుతున్నప్పుడు గేటు పక్కనున్న గాడిలో నేరుగా రాచుకుంటే ఘర్షణ ఎంత ఉంటుంది? తుప్పు పట్టిన ఇనుము మీద ఇనుము జరిగితే ఒత్తిడిలో దాదాపు మూడో వంతు బలం ఘర్షణకే పోవచ్చు. అంటే వంద టన్నుల పైమాటే! అందుకే గేటుకు రెండు పక్కలా ఉక్కు చక్రాలు అమరుస్తారు. చక్రం దొర్లుతుంది గనుక ఘర్షణ చాలా తగ్గిపోతుంది. చక్రం తిరగడం మానేసిందో, గేటు మళ్ళీ ఈడ్చుకుంటూ పోవలసిందే.

ఇక్కడే మన కర్నూలు, కడప సీమకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఇది వానలు తక్కువైన ప్రాంతం. నిత్యం తెరచి మూసే తలుపు కీచుమన్నా పని చేస్తుంది. ఏళ్ళ తరబడి మూసి ఉంచిన పాత పెట్టె తాళం తెరుచుకుంటుందా? వాగుల మీది గేట్లూ అంతే. నెలల తరబడి వాటితో పనే ఉండదు. ఎండకు గ్రీజు గట్టిపడుతుంది, గాడిలో ఒండ్రు పేరుకుంటుంది, ఇరుసులో తుప్పు చేరుతుంది. ఒక రాత్రి తుఫాను వాన కురిసి వరద ముంచుకు వస్తుంది. అప్పుడు మీట నొక్కితే గేటు మొండికేస్తుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున, అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీదనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. దిగువనున్న పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ళను నీరు ముంచెత్తింది. ఎందరో ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టుకు ఉన్న అయిదు గేట్లలో ఒకటి పని చేయలేదని ఆ తరువాత కేంద్రమంత్రి రాజ్యసభలో చెప్పారు. అయితే తప్పంతా ఆ ఒక్క గేటుదే అనుకోకండి. ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట కూడా తెగింది; అన్ని గేట్లూ తెరచినా పంపలేనంత వరద వచ్చి పడింది. కాని మట్టికట్టకు ఒక బలహీనత ఉన్నది. రాతికట్ట మీదుగా నీరు దొర్లినా కొంతసేపు ఓర్చుకుంటుంది. మట్టికట్ట మీదుగా నీరు దొర్లితే మట్టిని కోసుకుంటూ పోతుంది. అటువంటి చోట మూసుకుపోయిన ప్రతి గేటుకూ లెక్క ఉంటుంది.

సరే, మీరే ఇంజనీరు అనుకోండి. అర్ధరాత్రి, హోరున వాన. మీట నొక్కారు. గేటు లేవలేదు. ఏం చేస్తారు?

మొదట చెవులు పెట్టి వినండి! యంత్రం తన జబ్బు తానే చెబుతుంది.

ఏ చప్పుడూ లేదా? అయితే జబ్బు గేటులో ఉండకపోవచ్చు. కరెంటు వస్తున్నదా, ఫ్యూజు పోయిందా, తీగ ఊడిందా చూడాలి. గేటు పైకి వెళ్ళవలసినంత వెళ్ళాక మోటారును ఆపే చిన్న మీట ఒకటి ఉంటుంది. దానిలో దుమ్మో, చీమలో చేరి ఇరుక్కుంటే, గేటు అడుగుననే ఉన్నా “పైకి చేరిపోయింది” అని మోటారుకు అబద్ధం చెబుతుంది. పదిమంది కూడి గేటును చూస్తుంటారు. దోషం బొటనవేలంత మీటలో ఉంటుంది!

మోటారు “ఊఁ...” అని మూలుగుతూ తిరగకుండా ఉందా? ఈ చప్పుడు మీలో బోరుబావి ఉన్న ఇళ్ళ పిల్లలకు బాగా తెలుసు. మూడు ఫేజులలో ఒకటి పోయిందన్నమాట. లేదా మోటారును పట్టి ఉంచే బ్రేకు వదలలేదు. అప్పుడు మీటను మళ్ళీ మళ్ళీ నొక్కకూడదు సుమా! తిరగని మోటారు మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, ఆరు రెట్లు కరెంటు అంటే ముప్ఫై ఆరు రెట్లు వేడి. నిమిషాలలో తీగచుట్ట మాడిపోతుంది. గేటు రిపేరు కాస్తా మోటారు రిపేరు కూడా అవుతుంది.

మోటారు హాయిగా తిరుగుతోంది, గేటు మాత్రం కదలడం లేదా? మోటారుకూ గేటుకూ మధ్య ఏదో ఒక లంకె తెగింది. పళ్ళచక్రాల పెట్టె, ఇరుసు, ఉక్కుతాడు, ఈ వరుసలో ఎంతవరకు తిరుగుతున్నదో, ఎక్కడ ఆగిపోయిందో చూసుకుంటూ పోతే దొరికిపోతుంది.

అన్నిటికన్నా పేచీకోరు జబ్బు మరొకటి. గేటు జానెడు లేస్తుంది, ఆపైన బిగుసుకుపోతుంది. బల్ల సొరుగును ఒక పక్క పట్టి లాగి చూడండి. వంకరగా తిరిగి ఇరుక్కుంటుంది. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా పట్టేస్తుంది. గేటును రెండు కొసలా రెండు తాళ్ళు ఎత్తుతాయి. ఒక తాడు కొంచెం సాగినా, ఒక పక్క చక్రం తిరగకపోయినా, గాడిలో చెట్టుకొమ్మ ఇరుక్కున్నా గేటు సొరుగులాగే వంకర తిరుగుతుంది. అప్పుడు లాగడం కాదు, కొంచెం కిందికి దించి సమం చేసుకొని మళ్ళీ ఎత్తాలి. పడవలో ఇంజను మీది మూత మోటారుతో తెరుచుకునేదైనా ఇదే వైద్యం.

కరెంటే లేకపోతే? చేతితో తిప్పే పిడి ఉంటుంది. పళ్ళచక్రాలు 500 చుట్లను ఒక చుట్టుగా మారుస్తాయనుకోండి. పిడి పొడవు 40 సెంటీమీటర్లు, తాడు చుట్టుకునే డ్రమ్ము వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు. మీరు పది కిలోల బలంతో తిప్పితే లెక్క ప్రకారం పది టన్నులు లేస్తాయి! ఘర్షణకు సగం పోయిందనుకున్నా అయిదు టన్నులు. అయితే ప్రకృతి ఊరికే ఏదీ ఇవ్వదు. పిడి ఒక చుట్టు తిప్పితే గేటు లేచేది రెండున్నర మిల్లీమీటర్లు. ఒక్క మీటరు ఎత్తాలంటే 400 చుట్లు! వరద మీదికి వస్తుంటే మనుషులు వంతులవారీగా తిప్పుతూ ఉండాలి.

మన పాత పడవవాళ్ళకు ఇంకొక ఉపాయం తెలుసు. కర్నూలు–కడప కాలువలో ఒకప్పుడు పడవలు నడిచేవంటే నమ్ముతారా? 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీనిని సాగుకే గాక పడవలకు కూడా తవ్వించింది. కాలువ మెట్లు మెట్లుగా దిగే చోట లాకులు కట్టారు. లాకు తలుపుకు ఒక పక్క నీరు ఎత్తుగా, ఒక పక్క పల్లంగా ఉంటే ఏనుగు వచ్చినా తెరవలేదు. అందుకని ముందు చిన్న తూము తీసి రెండు పక్కలా నీటిమట్టం సమం కానిస్తారు. అప్పుడు తలుపు మనిషి నెడితే తెరుచుకుంటుంది. ఒత్తిడితో పోరాడకుండా ఒత్తిడినే లేకుండా చేశారన్నమాట.

ఇంత చెప్పి, తెరుచుకోని గేటుకు తిరగబడిన కథ చెప్పకపోతే ఎలా? మూసుకోని గేటు! 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగింది. గేటు వరదలో కొట్టుకుపోయింది. జలాశయం నిండుగా ఉన్నది. కర్నూలు, అనంతపురం, కడప పొలాలకు పోవలసిన నీరు నదిపాలవుతున్నది. ఆ ఒక్క గేటు మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తవలసి వచ్చింది. నీరు గేటు అడుగుమట్టానికి దిగేదాకా ఆగి రిపేరు చేద్దామంటే ఆ ఏటి పంట నీరు చాలా వరకు పోయినట్లే.

వయసు పైబడిన విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడు మరొక దారి పట్టారు. నీరు పారుతుండగానే మూద్దామన్నారు. గేటంత పెద్ద తలుపును ఆ ప్రవాహంలో దించడం కష్టం. కాబట్టి తలుపును అయిదు అడ్డపలకలుగా విడగొట్టారు. ఒక్కొక్కటి 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. దగ్గరలోని కర్మాగారాలలో వాటిని తయారు చేయించారు. ఆగస్టు 16న మొదటి ఉక్కుపలకను క్రేన్లతో దించారు. దాని మీద మరొకటి, దాని మీద ఇంకొకటి. 17వ తేదీకి నీరు ఆగింది.

మీరు ఈసారి సుంకేశులకో, మరే ఆనకట్టకో పెద్దవాళ్ళతో కలిసి వెళితే, గేటుకు ఎగువ పక్క గోడలలో ఇంకొక నిలువు గాడి ఖాళీగా ఉందేమో చూడండి. అటువంటి పలకలను దించడానికి వదిలిన గాడి అది. గేటు చక్రాలకు గ్రీజు తడి ఉందో లేదో కూడా దూరం నుంచే గమనించండి. కట్ట అంచుకు మాత్రం వెళ్ళకండి.